అక్క ఇంజను, నా సబ్బుపెట్టె మీటరు

నేను కరెంటాఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ల మొహంలో కాస్త గౌరవం కనబడుతుంది. దాన్ని చేజేతులా చెడగొట్టుకోవడం ఎందుకని మిగతా సగం చెప్పను. నా సీటు బిల్లుల సెక్షన్లో ఉండేది. సర్వీసు మొత్తం మీద నేను చేత్తో పట్టుకున్న వాటిల్లోకెల్లా ప్రమాదకరమైన వస్తువు స్టేప్లరు.

చుట్టాలకి ఈ తేడాలు పట్టవు కదా. ఎవరింట్లో ఫ్యాను ఆగినా, మిక్సీ కాలినా కబురు నాకే వచ్చేది. నేను వెళ్లి ఫ్యాను కింద నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, కాసేపు పైకి చూసి, "వైండింగు పోయుంటుందండి" అనేవాణ్ణి. కాఫీ ఇచ్చేవారు, తాగి వచ్చేసేవాణ్ణి. ఫ్యాన్లకి చాలావరకు వైండింగే పోతుంది కాబట్టి నా పరువు దక్కింది. నిజంగా వైండింగంటే ఏంటో నాకు రిటైరయ్యేదాకా తెలియదు.

రిటైరయ్యాక ఒక దురద పట్టుకుంది. ఇన్నేళ్లూ ఉత్తిపుణ్యానికి అనుభవించిన గౌరవానికి ఇప్పుడైనా కాస్త అర్హత సంపాదిద్దామని. రాజమండ్రిలో పొద్దున్నే గోదావరి గట్టు మీద నడిచి వచ్చాక నాకింక చేసే పనంటూ ఏమీ ఉండేది కాదు. మా ఆవిడ కూరలు తరుగుతుంటే పక్కన కూచుని ముక్కలు పెద్దవయ్యాయని చెప్పేవాణ్ణి. చివరికి ఆవిడే విసిగిపోయి, "ఆ ఫోనైనా చూసుకోండి, మీకు పుణ్యముంటుంది" అంది. చూశాను. ఫోనులో ఎవరో ఒకాయన ఆగిపోయిన ఇంజనుకి మీటరు పెట్టి, జబ్బు ఎక్కడుందో నాడి చూసినట్టు చెప్పేస్తున్నాడు. నాకిక అన్నం సహించలేదు.

మామూలు మీటరొకటి కొనుక్కొచ్చి మా స్కూటరుకి పెట్టాను. కిక్కు కొట్టినప్పుడల్లా అది ఓసారి మూడంది, ఓసారి పదకొండంది, ఓసారి మైనస్ నాలుగంది. స్కూటరు మాత్రం నిక్షేపంలా నడుస్తోంది. మళ్లీ వీడియోలు చూస్తే సంగతి బోధపడింది. నిప్పురవ్వ పుట్టించే కాయిల్లోకి కరెంటు ఒక్క క్షణంలో వందల వోల్టులకి లేచి, అంతలోనే పడిపోతుంది. మామూలు మీటరు నిదానస్తురాలు. అది తల తిప్పి చూసేసరికి అక్కడేమీ ఉండదు, అందుకని తోచిన అంకె చెబుతుంది. ఆ లేచిన ఎత్తుని పట్టుకోవాలంటే మీటరుకి ముందు ఇంకో చిన్న సరంజామా ఉండాలి. దాన్నే పీక్ వోల్టేజీ అడాప్టరంటారు. బజారులో దొరికేది ఖరీదు, ఇంట్లో చేసుకుంటే తేలిక అని వీడియో ఆయన అన్నాడు. తేలిక అన్న మాట నమ్మినవాడు నాలాంటి వాడే అయ్యుంటాడు.

దాని కిటుకు మన కాలవల్లో చేపలకి పెట్టే మావు లాంటిదే. మావులోకి దూరిన చేప మళ్లీ బయటికి రాలేదు. ఇక్కడ డయోడు ఆ మావు నోరు. లోపలికి వచ్చిన వోల్టేజీని కెపాసిటర్ పట్టి ఉంచుతుంది. మీటరు తాపీగా వచ్చి చూసుకుంటుంది. పక్కనే ఒక రెసిస్టరు పెడితే, ఉన్నది మెల్లగా కారిపోయి మళ్లీ కొత్త కొలతకి చోటు అవుతుంది. ఇంతే.

ఇంతే అయినా మొదటి అడాప్టరు పేలింది. పాత రేడియోలోంచి పీకిన కెపాసిటర్ వేశాను, అది పాతిక వోల్టులకి మించి ఓర్చుకోదట. వంటింట్లోంచి మా ఆవిడ కుక్కరు పేలిందనుకుని పరుగెత్తుకొచ్చింది. గది నిండా చేపల కంపు లాంటి ఏదో వాసన. నేను నిలబడి ఉన్నాను కానీ నా కనుబొమ్మల్లో ఒకటి సగమే ఉంది. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "బిల్లుల సెక్షనే నయం కదండీ" అని వెళ్లిపోయింది.

రెండోది సరైన సామాను కొని, ఆవిడ సబ్బుపెట్టె అడక్కుండా తీసుకుని అందులో బిగించాను. గులాబీరంగు ప్లాస్టిక్ పెట్టె, మూత మీద పువ్వు బొమ్మ. అందులోంచి రెండు తీగలు ఇంజనుకి, రెండు మీటరుకి. స్కూటరు కాయిలుకి పెట్టి కిక్కు కొడితే అంకె లేచి, నిలబడి, బుద్ధిగా మెల్లగా దిగింది. మళ్లీ కొడితే మళ్లీ అదే అంకె. ఆ సంతోషం చెప్పలేను. మా పెళ్లి చూపుల్లో కూడా నేనంత నవ్వలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, అందులో అబద్ధం లేదు.

ఆ తర్వాత మా వీధిలో ఎవరి బండినీ వదల్లేదు. పాలాయన మోపెడ్డు, ఎదురింటి కోడలి స్కూటీ, పేపరాయన బండి. అన్నీ బాగానే నడుస్తున్న బండ్లే. "మీ ప్రైమరీ పీకు బ్రహ్మాండంగా ఉందండి" అని చెప్పేవాణ్ణి. వాళ్లు దేనికో అర్థంకాక థాంక్సండి అనేవారు. కొన్నాళ్లకి పాలాయన మా సందు మొదట్లోనే బండి ఆపి, క్యాను చేత్తో మోసుకుంటూ నడిచి రావడం మొదలెట్టాడు. ఆరోగ్యం కోసం నడుస్తున్నాడనుకున్నాను.

అలాంటి రోజుల్లో తుఫాను వచ్చింది. మా అక్కా బావగార్లది మండపేట అవతల పల్లపు ఊరు. చుట్టుపక్కల చేలల్లో పడ్డ వాన నీరంతా ఆఖరికి చేరేది వాళ్ల చేలోకే. సార్వా వరి కోతకొచ్చి ఉంది. గాలికి చేను పడిపోయి కంకులు నీళ్లలో మునిగాయి. మునిగిన గింజ ఒకటి రెండు రోజులు ఓర్చుకుంటుంది, ఆ తర్వాత కంకి మీదే మొలకెత్తుతుంది. మొలకొచ్చిన ధాన్యాన్ని మిల్లువాళ్లు కన్నెత్తి చూడరు. నీళ్లని గట్టు దాటించి మురుగు కాలవలోకి తోడెయ్యాలి. తోడే పెట్రోలింజను వాళ్ల పాకలోనే ఉంది, అది స్టార్టవ్వడం లేదు. ఊళ్లో మిగతా ఇంజన్లన్నీ ఎవరి చేల మీద వాళ్లవి ఉన్నాయి. మెకానిక్కు ఫోనెత్తడం లేదు.

"ఒరే తమ్ముడూ, ఇంజనుకి జబ్బేంటో చెప్పే మీటరు నీ దగ్గరుందన్నావు కదరా. ఒకసారి పట్టుకుని బేగా రారా" అని అక్క ఫోను చేసింది. నేనన్న మాట నిజమే. ఆ మాట చాలామందికి చెప్పాను. నమ్మింది మాత్రం మా అక్క ఒక్కతే.

"మీరెళ్తే వాళ్లకి తుఫాను రెండుసార్లు వచ్చినట్టవుతుందేమో చూసుకోండి" అంటూనే మా ఆవిడ ఇడ్లీలు కట్టిచ్చింది. బస్సులో సబ్బుపెట్టెని ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. పక్కనున్నాయన దాన్ని చూసి, నన్ను చూసి, కాస్త ఎడంగా జరిగాడు.

వాకిట్లోనే బావగారు ఎదురయ్యారు. ఆయన భుజానికి తాడు లాగి లాగి వాపొచ్చి, ఆముదప్పట్టు వేసుకుని ఉన్నారు. అయినా వేళాకోళం మాత్రం మానలేదు. "ఏవోయ్ బామ్మర్దీ, సబ్బు పట్టుకొచ్చావేంటి? ఇంజనుకి స్నానం చేయిస్తావా?" అన్నారు. నేను తలెత్తుకుని నేరుగా పాకకేసి నడిచాను. శాస్త్రజ్ఞులు ఇలాంటివి పట్టించుకోరని విన్నాను.

పాకలో ఇంజను చూశాను. స్పార్కు ప్లగ్గు దాని ముందువైపుకి, మొహానికి ముక్కులా పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ ప్లగ్గు చుట్టూ, దాని రబ్బరు టోపీ మీదా సైకిలు ట్యూబు ముక్క దట్టంగా చుట్టి ఉంది. "ఏంటండీ ఈ దరిద్రం?" అన్నాను. టోపీని ఎలకలు కొరికేస్తున్నాయని చుట్టానన్నారు బావగారు. కత్తి తెమ్మని ఆ ట్యూబంతా కోసి అవతల పారేశాను. ఎలకలు కొరగ్గా మిగిలిన టోపీ పైన ఓ పిసరు పట్టుకుని ఉంది, కింద ప్లగ్గు పింగాణీ తెల్లగా బయటపడింది. ఇప్పుడు చూడ్డానికి మిషనులా ఉందండి అన్నాను.

స్టాపు స్విచ్చికి వెళ్లే తీగకి ఒక క్లిప్పు, ఇంజను బాడీకి ఒక క్లిప్పు పెట్టాను. బావగారు ఎడం చేత్తో తాడు లాగారు. మీటరు రెండువందల దరిదాపుకి లేచి నిలబడింది. నేను దానికేసి చూస్తూ ఉండిపోయాను. ఈలోగా బావగారు ప్లగ్గు విప్పి తుడిచి బిగించి, ట్యాంకులో నిలవున్న పాత పెట్రోలు పారబోసి కొత్తది పోశారు. మళ్లీ లాగితే ఇంజను స్టార్టయింది. "కొలిచానుగా" అన్నాను. ఆయన నన్ను కౌగిలించుకున్నంత పని చేశారు. వంటింట్లో ఉన్న అక్క చెయ్యి కడుక్కుని పరుగెత్తుకు వచ్చేసరికి, పెట్రోలు దండగని ఆపేశాం.

"మా తమ్ముడు కరెంటాఫీసులో ఊరికే చేశాడా" అంది అక్క. నేను చేసింది ఊరికేనని ఆ పాకలో నాకొక్కడికే తెలుసు.

ట్రాలీ ఆటోలో ఇంజనుని చేను దాకా తీసుకెళ్లి గట్టు మీద దింపి, పైపు నీళ్లలోకి వదిలాం. బావగారు తాడందుకోబోతే అక్క, "ఒక్క నిమిషం ఆగండి" అంది. వాళ్లింట్లో అది ఆచారం. నాగలైనా, ట్రాక్టరైనా, ఇంజనైనా చేలో పని మొదలెట్టే ముందు పసుపు రాసి బొట్టు పెట్టాలి. చిన్న గిన్నెలో పసుపు తడిపి తెచ్చింది. ఇంజను మొహం ఎక్కడుందని వెతికి, తెల్లగా ముక్కులా కనబడ్డ ప్లగ్గు పింగాణీకి చుట్టూ పసుపు రాసి, దాని మీద కుంకుమ పెట్టింది. "ఆ ట్యూబు తీసేసి మంచి పని చేశావురా, ఎంచక్కా ఉంది ఇప్పుడు" అంది. నాకు కూడా అందంగానే కనబడింది. నేను చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నాను.

తాడు లాగితే ఇంజను స్టార్టవ్వలేదు. మళ్లీ లాగారు, అవ్వలేదు. నేను లాగాను, నడుం పట్టింది. ఆటో అతను లాగాడు. సబ్బుపెట్టె పెట్టి కొలిస్తే రెండువందల దరిదాపు, ఇందాకటి అంకే. "కాయిలు బాగుందండి" అన్నాను. "కాయిలు బాగుంటే మనకేం లాభం, తోడాల్సింది నీళ్లు కదా" అన్నారు బావగారు. ప్లగ్గు విప్పించాను. గుడ్డ పెట్టి గట్టిగా తుడిచి, బాడీకి ఆనించి తాడు లాగిస్తే నిప్పురవ్వ కళ్ల ముందే పడింది. అన్నీ ఉన్నాయి. బిగించి, ఇంక స్టార్టవ్వక ఏంచేస్తుంది అన్నాను. "ఆగండాగండి, బొట్టు చెరిగిపోయింది" అని అక్క మళ్లీ పసుపు రాసి పెట్టింది. స్టార్టవ్వలేదు.

ఆ పూటంతా అదే తంతు. నేను కొలవడం, విప్పించడం, తుడవడం, అక్క బొట్టు పెట్టడం, బావగారు లాగడం. ఎన్నిసార్లు కొలిచినా మీటరు బాగుందనే చెప్పింది. దానికి అడిగిన దానికే జవాబు చెప్పడం తెలుసు. వేరే ఏదైనా అడగాలన్న బుద్ధి నాకుండాలి. పక్క చేలలో ఇంజను నడుపుకుంటున్న రైతొకాయన వచ్చి చూసి, "ఆయ్, తమరు కరెంటాఫీసేనాండి?" అని ఎంతో మర్యాదగా అడిగి వెళ్లాడు. అంత మర్యాదగా నన్నెవరూ తిట్టలేదు.

చీకటి పడబోతుంటే ఇంజనుని పాకకి తెచ్చేశాం. నా పట్టుదల కొద్దీ అక్కడే ప్లగ్గు మళ్లీ విప్పి పెట్రోలుతో కడిగి బిగించాను. అక్క పెరట్లో గేదె దగ్గరుంది. బావగారు ఊరికే ఓసారి తాడు లాగితే, మొదటి లాగుడికే స్టార్టయింది. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. "చేలో తేమకండి" అన్నాను. ఫ్యాను కింద నిలబడి వైండింగు అన్నట్టే అన్నాను.

మర్నాడు పొద్దున్న మళ్లీ చేలో దింపాం. నీరు ఒక వేలెడు కూడా తగ్గలేదు. అక్క ఒంగి ఒక కంకి పైకి తీసి, గింజలు అరచేతిలోకి దులిపి చూసింది. కొన్నిటికి మొనలు తెల్లగా ఉబ్బి ఉన్నాయి. పసుపు గిన్నె తీసుకుని నిన్నటి కంటే శ్రద్ధగా, నిన్నటి కంటే దట్టంగా ప్లగ్గుకి రాసింది. ఇంజను కదల్లేదు.

సన్నగా జల్లు మొదలైంది. బావగారు గట్టు మీదున్న టార్పాలిన్ తెచ్చి, తాడు బయటికుంచి ఇంజను మీద కప్పబోయారు. నేను ఇంజను కంటే ముందు సబ్బుపెట్టెని దాని కిందికి తోశాను, దాని వెనకాలే నేనూ దూరాను. ఇంజను తడిస్తే తడిసింది, నా అడాప్టరు తడవకూడదు. అప్పటి నా బుద్ధి అలా ఉంది మరి.

బయట అక్క గొంతు వినబడింది. బావగారితో అంటోంది. "నేను ఇంటికి పోతానండి. నేనిక్కడుంటే అది కదలదు. నిన్న పాకలో నేను లేనప్పుడే స్టార్టయింది. సాయంత్రం గేదె దగ్గరున్నాను, అప్పుడూ అయింది. నేనెదురుగా ఉన్నప్పుడు ఒక్కసారైనా అయిందేమో మీరే చెప్పండి."

"ఊరుకో. ఏంటా పిచ్చి మాటలు" అన్నారు బావగారు. కానీ ఆవిడ చెప్పిందాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు.

అక్క ఈ ఇంటికి కాపరానికొచ్చిన ఏడు కూడా ఇలాగే సార్వా మునిగిపోయింది. వాళ్లత్తగారు వీధరుగు మీద కూచుని, వచ్చేపోయేవాళ్లతో, "కోడలు అడుగు పెట్టింది, చేలోకి గోదారొచ్చింది" అనేదట. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆ మాట అందరూ మర్చిపోయారు, నాతో సహా. అక్క తర్వాత ఎన్ని పంటలు ఇంటికి తెచ్చిందో, ఎంత చాకిరీ చేసిందో నాకు తెలుసు. నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. అలాంటిది ఇన్నేళ్లూ ఆ మాటని లోపల దాచుకునే ఉందని నాకిప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. టార్పాలిన్ కింద కాబట్టి ఎవరూ చూడలేదు.

గట్టు మీద అక్క అడుగుల చప్పుడు దూరమవుతోంది. బావగారు ఆ ఉక్రోషంలో తాడు పట్టుకుని ఒక్క లాగు లాగారు. నేను మీటరుకేసి చూడాల్సింది, కళ్లు తడిగా ఉండి అంకె కనబడక ఊరికే ఇంజనుకేసి చూశాను. టార్పాలిన్ కింద మసక చీకటిగా ఉంది. ప్లగ్గు మీద, పింగాణీ పైనుంచి కింద దాకా, పసుపు రాసిన దారి వెంబడే, నీలం గీత ఒకటి చర్రుమని పాకింది.

"మళ్లీ లాగండి" అన్నాను. మళ్లీ పాకింది. లోపల సిలిండరులో పడాల్సిన నిప్పు, తడి పసుపు మీదుగా బయటి నుంచే బాడీలోకి జారిపోతోంది. లోపల వత్తిడి మధ్య దూకడం దానికి కష్టం, బయట అక్క పరిచిన చల్లటి దారి సుఖంగా ఉంది. నేను గుడ్డ పెట్టి తుడిచినప్పుడల్లా ఆ దారి పోయేది, అక్క భక్తిగా మళ్లీ వేసేది. అంతకు ముందు అక్కడ సైకిలు ట్యూబు ఉన్నన్నాళ్లూ పసుపు దాని మీదే పడేది, ఏ బాధా ఉండేది కాదు. ఎలకల కోసం చుట్టిన ఆ ట్యూబుని కోసి పారేసిన మేధావి ఎవరో నాకు బాగా తెలుసు. నా మీటరు కాయిలుకి ముందున్న వోల్టేజీని రెండు రోజులుగా అక్షరం పొల్లుపోకుండా చెబుతూనే ఉంది. జబ్బు కాయిలుకి వెనకాల ఉంది.

జేబురుమాలు తీసి ప్లగ్గు తుడవబోయాను. తుడిస్తే చాలు, స్టార్టవుతుంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు స్టార్టయితే, గట్టు మీద నడిచి వెళ్తున్న అక్క వీపుకి ఆ చప్పుడు వినబడుతుంది. తను అటు వెళ్లింది, ఇటు ఇంజను నడిచింది. ఇంక నేను నిప్పురవ్వల గురించి వందేళ్లు చెప్పినా వినదు.

టార్పాలిన్ లోంచి బయటపడి, "బావగారూ, తాడు ముట్టుకోకండి" అని అరిచి పరుగెత్తాను. ఆయన తాడు పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నారు. నా వయసు మనిషి వానలో గట్టు మీద పరుగెత్తితే ఏమవుతుందో అదే అయింది. జర్రున జారి చేలోకి పడ్డాను. మోకాళ్ల దాకా బురద, నెత్తిన వరిగడ్డి. "అక్కా, ఆగవే" అని అక్కణ్ణుంచే పిలిచాను. అక్క వెనక్కి తిరిగింది. నన్ను ఆ అవతారంలో చూసి పరుగున వచ్చి, ముందు చెయ్యి పట్టి లేపింది.

"ఏమైందిరా? షాకు కొట్టిందా?"

"లేదు. నువ్వు రా. నువ్వు లేకపోతే అది స్టార్టవ్వదు."

"నన్ను ఏడిపించకురా. నాకు తెలుసు."

"నీకు తెలిసింది నిజమే, సగం. మిగతా సగం చూద్దువుగాని రా" అని చెయ్యి వదలకుండా లాక్కొచ్చాను. తనని టార్పాలిన్ కింద నా పక్కన కూచోబెట్టి బావగారిని తాడు లాగమన్నాను. నీలం గీత పసుపు మీద పాకింది. అక్క ఉలిక్కిపడి నా మోచెయ్యి పట్టుకుంది.

"చూశావా? పసుపు తడిగా ఉంది కదా, కరెంటు లోపలికి పోకుండా దాని మీదుగా పారిపోతోంది. ఎవరు రాసినా అంతే. నేను రాసినా అంతే, పూజారిగారొచ్చి రాసినా అంతే. ఆ ట్యూబు నేను కొయ్యకపోతే ఈ గొడవే లేదు" అన్నాను. ఇంకా ప్రైమరీ, సెకండరీ అని ఏదో మొదలెట్టాను. అక్క అవేవీ వినడం లేదు. ఆ గీత పాకిన చోటుకేసే చూస్తోంది.

"అయితే నేను ఉండొచ్చా?" అంది.

"ఉండాలి. నువ్వే తుడు" అని రుమాలు ఇచ్చాను. అది బురదగా ఉందని పక్కన పెట్టి, తన పైటచెంగు పొడిగా ఉన్న చోట తీసుకుని, పింగాణీని పసిపిల్ల మొహం తుడిచినట్టు నెమ్మదిగా, మచ్చ లేకుండా తుడిచింది. బొట్టు ట్యాంకు మీద పెట్టమన్నాను. పెట్టింది. నేను బావగారి రెయిన్‌కోటు చెయ్యి నుంచి ఒక ముక్క కోసి ప్లగ్గు మీద కట్టాను. ఆ రెయిన్‌కోటు గురించి ఆయన ఇప్పటికీ ప్రతి పెళ్లిలోనూ అడుగుతారు.

తాడు అక్క చేత కూడా పట్టించాను. ఆయన బాగున్న భుజం, ఆవిడ రెండు చేతులు. లాగారు. ఒక్కసారి దగ్గి, పొగ వదిలి, ఇంజను అందుకుంది. పైపులోంచి ఎర్రనీళ్లు మురుగు కాలవలోకి దూకాయి. బావగారు ఆవిడ వీపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డారు. నేను అలవాటు కొద్దీ సబ్బుపెట్టె తీసుకుని కొలవబోయాను. "ముట్టుకున్నావంటే చంపేస్తాను" అన్నారు బావగారు.

మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. నీరు కాస్త తగ్గి, గట్టు వారనున్న మెరకలో కంకులు ఒక్కొక్కటే పైకి కనబడటం మొదలైంది. దిగువ మళ్లలో కొంత మొలకెత్తి పోయింది, దానికి చేసేదేమీ లేదు. పై మళ్లు దక్కుతాయని బావగారు లెక్కేశారు. మమ్మల్ని భోజనానికి ఇంటికి పోదాం రమ్మన్నారు. నేను లేచాను. అక్క లేవలేదు. ఇంజను పక్కన గోనెసంచి మడిచి వేసుకుని, మోకాళ్ల మీద గడ్డం ఆనించి, నీళ్లు పోతున్న పైపుకేసి చూస్తూ కూచుంది.

"రావే, పొద్దుణ్ణుంచి ఏమీ తినలేదు. అది నడుస్తూనే ఉంటుంది" అన్నాను.

"మీరు వెళ్లి తినండి. నాకు ఇక్కడికే పట్రండి" అంది, చూపు తిప్పకుండా. "నేను ఉన్నాననే నడుస్తోంది."